వెనక సీటు బరువు

మార్చి 3

బయలుదేరాం.

పొద్దున్నే పార్సిల్ కంపెనీ పెద్దాయన మా షెడ్డుకు వచ్చి, మోటారు సైకిలు ఇంజను బోల్టుల మీదుగా సన్నటి తీగ చుట్టించి, దాని కొసన సీసం బిళ్ళ నొక్కి సీలు వేశాడు. ఆయిల్ మార్చుకునే బోల్టు ఒక్కటే వదిలాడు. "ఈ సీలు ఇలాగే తిరిగి రావాలి. ఖర్చు నేను గీసిన గీత దాటకూడదు. రెండూ నిలబడితే నా బళ్ళన్నీ ఇక మీ షెడ్డుకే" అన్నాడు. తీరం వెంట మూడు సరిహద్దులు దాటి అవతలి రేవుకు పోవాలి. వచ్చేటప్పుడు కొండల మీదుగా రావాలి. బండి కొత్తది కాదు. పెద్దాయన మూల పడేసిన దాన్ని మేమే పూర్తిగా విప్పి, బాగుచేసి, బిగించాం. అది అంత దూరం పోయి వస్తే మా పనికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆయన బళ్ళు సరుకు మోసేవి కాబట్టి వెనక బరువు ఉండాలన్నాడు. ఇసుక బస్తా కడదామన్నాడు మా ఆయన. బస్తా చిరిగితే మళ్ళీ కొనాలి. పైగా బస్తా ఖర్చులు రాయదు, సరిహద్దు దగ్గర బేరమాడదు. అందుకని బరువు నేనే. "బస్తాకయితే తిండి పెట్టక్కర్లేదు" అని ఒక మాట అననే అన్నాడు. ఊరి పొలిమేర దాటకముందే దెప్పడం మొదలు.

ఖర్చుల పుస్తకం పెద్దాయనకు చూపించాలి. ఇది ఎవరికీ చూపించక్కర్లేదు.

మార్చి 5

రోడ్డు బాగుంది. నా నడుము బాగాలేదు.

ఈ ఆర్డరు రాకపోతే నెలాఖరుకు షెడ్డు ఖాళీ చేయాలి. వీధికొక పెద్ద సర్వీసు సెంటరు వచ్చాక మా గుమ్మం తొక్కేవాళ్ళు తగ్గిపోయారు. ఇంకా వచ్చేవాళ్ళు ఈయన చెవి కోసం వస్తారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవి పక్కన ఎముకకు ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. లోపల ఏ ముక్కకు రోగం వచ్చిందో చెప్పేస్తాడు. విప్పితే అదే బయటపడుతుంది. ఈ మధ్య ఆ పిడిని పళ్ళతో కరిచి పట్టుకోవడం మొదలుపెట్టాడు. గ్రీజు పిడి నోట్లో పెట్టుకోవడం ఏం పాడలవాటని ఎన్నిసార్లు తిట్టినా మానడు. పసిపిల్లలు నయం.

బండి బాగుచేసేటప్పుడు సామాన్ల ఖర్చు పెరగకుండా కాపలా కాసింది నేనే. అది కూడా గీతలో కలుస్తుంది మరి. స్టోరు తాళం నా దగ్గర ఉంటుంది. కొత్త ముక్క కావాలంటే ముందు పాతది తెచ్చి చూపించాలి. టైమింగ్ చైను గైడు మార్చాలన్నాడు. ఇంజను లోపల తిరిగే చైను అటూ ఇటూ కొట్టుకోకుండా పక్కన పట్టి ఉంచే నల్లటి పట్టీ అది. "ఇంకా బతికే ఉంది కదా, వేసెయ్యండి" అన్నాను. వేసి, బిగించి, స్టార్టు చేసి, విని, బాగుందన్నాడు. ఆయన విన్నాక ఇంకేం కావాలి.

మార్చి 6

రోజంతా ఎడమ పక్కన సముద్రం. నేను వెనక్కి వాలి, సంచి మీద వీపు ఆనించి చూస్తూ కూర్చున్నాను. పెళ్ళయ్యాక ఇలా ఎప్పుడూ పోలేదు. "మీతో కాబట్టే ఇంత దూరం వచ్చాను" అన్నాను. ఎందుకన్నానో, నోటికొచ్చింది.

ఉలుకూ లేదు పలుకూ లేదు. అద్దంలో మాత్రం మాటిమాటికీ చూస్తున్నాడు. సంచులు జారాయేమోనని కాబోలు.

మార్చి 8

రెండో సరిహద్దు. ఇన్సూరెన్సు కాగితం మళ్ళీ కొనిపించారు. మొన్న కొన్నది ఇక్కడ చెల్లదట. నేను గొంతు చించుకుని బేరమాడుతుంటే ఈయన గోడకు చేరగిలబడి బూట్లు చూసుకుంటున్నాడు. ఆఫీసరు నేరుగా ఈయన్నే ఏదో అడిగాడు. జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. ఈయన నావైపు వేలు చూపించాడు. ఆఫీసరు నవ్వాడు, నా తల కొట్టేసినట్టయింది.

బయటికొచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది. బండి మీద ముందుకు వంగి, ఆయన హెల్మెట్‌కు నా హెల్మెట్ తగిలేలా వంగి, "మీకు పెళ్ళాం ఎందుకు, బస్తాయే సరిపోయేది. బస్తాతోనే కాపురం చేయండి" అన్నాను. భుజాలు ఒక్కసారి కదిలాయి. తగలాల్సిన చోటే తగిలింది.

తర్వాత ఆగినప్పుడు నీళ్ళ సీసా మూత తీసి మరీ నా చేతికిచ్చాడు.

మార్చి 9

చప్పుడు.

మార్చి 10

ఏదో గాలికి అనుకున్నాను గానీ కాదు. వేగం తగ్గించినప్పుడల్లా రేకు డబ్బాలో గింజలు కదిపినట్టు గలగలమంటోంది. ఆపించి చెప్పాను. స్క్రూడ్రైవరు తీశాడు. మొన ఇంజను మీద, పిడి నోట్లో. కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. "ఏమీ లేదు" అన్నాడు.

నాకు వినపడుతోందంటే వినడే. "నీకు ఇంజను గురించి తెలుసా, నాకు తెలుసా?" అన్నాడు. నోరు మూసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఆ చెవి మాటే మా ఇంట్లో వేదం.

మార్చి 11

చప్పుడు లేదు.

మార్చి 12

నిన్న రాసింది అబద్ధం. చెవుల్లో దూది పెట్టుకున్నాను. రోజంతా ఎంత హాయిగా ఉందో.

వదిన ఫోన్ చేసింది. ఈయన అక్క, మేం లేనప్పుడు షెడ్డు చూసుకుంటోంది. షెడ్డు ఓనరు రెండుసార్లు వచ్చిపోయాడట. తమ్ముడికి నాలుగుసార్లు ఫోన్ చేసిందట, ఎత్తలేదట. "వాడికి పెళ్ళాం మాట తప్ప అక్క మాట చెవికెక్కదులే" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెళ్ళాం మాట ఎక్కుతోందని ఎవరన్నారు?

మార్చి 13

అవతలి రేవు. పెద్దాయన చెప్పిన గోదాములో పుస్తకం మీద ముద్ర వేయించాం. సగం అయింది. ఖర్చు మాత్రం సగం దాటింది. వెనక టైరు, రెండో ఇన్సూరెన్సు, మూడో సరిహద్దులో ఎందుకు కట్టామో ఇప్పటికీ తెలియని ఒక రుసుము. ఇక గదులు తీసుకునేటప్పుడు కిటికీ ఉందా అని అడగడం మానేయాలి.

గోదాము ముందే ఆయిల్ మార్చాడు. దింపిన పాత ఆయిల్‌లో నల్లటి తునకలు. "గాస్కెట్ పొడి" అని తూముకేసి పారబోయబోయాడు. అంతలో ఒకటి వేలితో తీశాను. గోటితో వంచితే వంగింది. ఇంజను అతుకుల మధ్య వేసే గాస్కెట్ అట్ట అలా వంగదు, పొడి పొడిగా విడిపోతుంది. స్టోరులో ఇన్నేళ్ళు సామాను ఎంచినదాన్ని, ఆ మాత్రం తెలియదా.

ఆయనకు చెప్పలేదు. పర్సులో వేసుకున్నాను. గాస్కెట్ పొడే అయ్యుంటుంది.

మార్చి 14

గాస్కెట్ పొడే.

మార్చి 15

కొండల కింద ఊరు. రేపు ఎక్కాలి. ఎక్కడానికి ఒక పూట, దిగడానికి ఒక పూట అన్నారు. దిగే వైపు రోడ్డు సన్నం, ఒక పక్క లోయ.

దూది తీసేశాను. చప్పుడు పెరిగింది. ఇప్పుడు వేగం తగ్గించినప్పుడే కాదు, ఎప్పుడూ ఉంది.

గైడు విరిగితే చైను జారుతుంది. చైను జారితే ఇంజను ఒక్కసారిగా పట్టేస్తుంది, వెనక చక్రం బిగుసుకుపోతుంది. ఇది నాకు చెప్పింది ఈయనే, పెళ్ళయిన కొత్తలో, షెడ్డులో ఒక విరిగిన ముక్క చూపించి. సీలు తెంపకుండా చూడటం కుదరదు. తెంపితే ఆర్డరు పోతుంది, షెడ్డు పోతుంది. అసలది గైడు చప్పుడు కాకపోవచ్చు కదా. ఆయనకు వినపడనిది నాకెలా వినపడుతుంది?

మార్చి 16

మోకాలి మీద పెట్టుకుని రాస్తుంటే అక్షరాలు వంకర పోతున్నాయి. అయినా రాస్తాను.

ఎక్కుతుంటే వెనక నుంచి లారీ హారను కొట్టింది. కొడుతూనే ఉంది. ఈయన పక్కకు తీయడే. నేను వీపు మీద గుద్దాను. అప్పటికి అద్దంలో చూసి ఒక్కసారిగా పక్కకు లాగాడు. లారీ మా సంచిని రాసుకుంటూ పోయింది. నేను మళ్ళీ వంగి, హెల్మెట్‌కు హెల్మెట్ ఆనించి, ఏమన్నానో ఇక్కడ రాయను. మా అమ్మ వింటే నాకు అన్నం పెట్టదు.

కనుమ పైన ఒక టీ కొట్టు, పక్కనే రేకుల కింద చిన్న రిపేరు దుకాణం. ఆగాం. ఇంజను ఆపకుండా వదిలి ఈయన ముందు చక్రం చూసుకుంటూ గొంతుక్కూర్చున్నాడు. అప్పుడు ఇంజను గట్టిగా గలగలలాడింది. టీ తాగుతున్నవాళ్ళు తలలు తిప్పారు. దుకాణంలో పంక్చరు వేస్తున్న ముసలాయన పని ఆపి చూశాడు. బల్ల కింద పడుకున్న కుక్క లేచి మొరిగింది. ఈయనొక్కడే తల ఎత్తలేదు.

నేను ఆయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. "ఏవండీ" అన్నాను. కదల్లేదు. కొంచెం గట్టిగా అన్నాను. చక్రం ఊచలు ఒక్కొక్కటీ తట్టి చూసుకుంటున్నాడు. "నాకు మీరంటే అసహ్యం" అన్నాను, పరీక్షకు. ఊచలు తడుతూనే ఉన్నాడు.

పళ్ళ మధ్య పిడి, ఎత్తని ఫోన్లు, సరిహద్దులో బూట్లు చూసుకోవడం, మాటిమాటికీ అద్దంలో చూడటం, అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. ఇంత మొద్దునా నేను. పౌరుషం అనుకున్నాను, నేనంటే లెక్కలేదనుకున్నాను.

ముందుకు వెళ్ళి ఎదురుగా కూర్చుని, మొహం చూపిస్తూ అడిగాను. "ఎప్పటినుంచి?"

నా పెదాల వైపే చూశాడు. అబద్ధం చెబుతాడనుకున్నాను. "రెండేళ్ళు. ముందు కుడి చెవి పోయింది. ఇప్పుడు ఎడమది కూడా. పళ్ళతో పట్టుకుంటే బరువు చప్పుళ్ళు తెలుస్తాయి. సన్నవి తెలియవు."

నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. చెవిలేని మెకానిక్కు దగ్గరికి ఎవడొస్తాడు, నీకు చెబితే అక్కకు తెలుస్తుంది, అక్కకు తెలిస్తే వీధికి తెలుస్తుంది అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. రెండేళ్ళు ఈ మనిషి ఒక్కడే దీన్ని మోసుకుంటూ తిరిగాడు, నేను పక్కనే ఉండి రోజూ తిట్టాను.

పర్సులోంచి నల్ల తునక తీసి ఆయన అరచేతిలో పెట్టాను. చూశాడు. నన్ను చూశాడు. ఎన్నాళ్ళు దాచావని అడగలేదు. అడిగే మొహం ఆయనకూ లేదు, చెప్పే మొహం నాకూ లేదు. లేచి స్క్రూడ్రైవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు విను. నువ్వు ఏం చెబితే అది చేస్తా."

ఎక్కడ మొన పెట్టాలో నా చేయి పట్టి చూపించాడు. పిడి చెవి పక్కన ఎముకకు ఆనించాను. ముందు అంతా ఒకటే హోరు. తర్వాత హోరు లోపల హోరు విడిపోయింది. "ఇంజను వేగం తగ్గినప్పుడు గీసుకుంటోందా, కొట్టుకుంటోందా?" అన్నాడు. కొట్టుకుంటోంది అన్నాను. "పైన ఎక్కువా, కింద ఎక్కువా?" మధ్యలో, ఎడమ పక్క అన్నాను. "ఒక్కోసారి తప్పిపోతోందా?" విన్నాను. గలగల, గలగల, ఒక ఖాళీ, మళ్ళీ గలగల. తప్పిపోతోంది అన్నాను.

ఇంజను ఆపేశాడు. సీసం బిళ్ళ వైపు చూస్తూ, "తెంపితే షెడ్డు పోతుంది" అన్నాడు.

"తెంపకపోతే మనం పోతాం."

అప్పటికీ ఆయన చేయి కదల్లేదు. ముసలాయన దగ్గర కటింగ్ ప్లయర్ అడిగి తెచ్చి నేనే తెంపాను. బిళ్ళ రాయి మీద పడి దొర్లింది. కుక్క వాసన చూసి వదిలేసింది.

లోపల గైడు రెండు ముక్కలై ఉంది. పై ముక్క పిసరంత మూలన వేలాడుతోంది. దిగేటప్పుడు ఏ మలుపులో ఊడేదో. నేను "ఇంకా బతికే ఉంది" అన్న ముక్క అది.

మార్చి 17

ముసలాయన దగ్గర వేరే బండి గైడు ఉంటే కొన్నాం. ఈయన దాన్ని ఆకురాయితో అరగదీసి, పెట్టి చూసి, మళ్ళీ అరగదీసి, పగలంతా అదే పని. బిగించాక స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి, వేళ్ళు నా మణికట్టు మీద పెట్టుకుని నిలబడ్డాడు. విన్నాను. తల ఊపాను. వేళ్ళు అప్పుడు వదిలాడు.

ముక్క ధర, పనిముట్ల అద్దె, ఒక రోజు తిండి, గది. ఖర్చు కూడా గీత దాటింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే మేమే.

మార్చి 18

దిగాం. ప్రతి మలుపులో హారను వినపడితే కుడి భుజం మీద తట్టాను. ముందు రెండుసార్లు చిరాకుపడ్డాడు. తర్వాత తట్టకముందే భుజం కాస్త నాకేసి తెచ్చి పెట్టాడు.

మార్చి 21

రేపు ఇల్లు. గైడు చప్పుడు విన్నది ఆయనే అని పెద్దాయనకు చెబుదామని అనుకున్నాం. ఆర్డరు ఎలాగూ పోయింది, చెవి పేరయినా మిగలాలి కదా. ఇది నా ఆలోచనే. ఆయన సరే అన్నాడు.

మార్చి 22

పార్సిల్ కంపెనీ ఆవరణ. పెద్దాయన చేతిలో ముందు సీసం బిళ్ళ పెట్టాను, తర్వాత విరిగిన గైడు. ఆయన కళ్ళజోడు పైకి తోసి ముక్కను అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడ విరిగిందని అడిగాడు. కనుమ పైన అన్నాను. సర్వీసు సెంటరు వాళ్ళయితే ఇది పట్టేవాళ్ళు కాదు, లోయలో వెతుక్కోవాల్సి వచ్చేది అన్నాడు. మా ఆయన వైపు తిరిగి, "నీ చెవే చెవి" అన్నాడు.

నేను నేల చూపులు చూస్తున్నాను. ఈయన తల ఊపితే చాలు, అయిపోతుంది.

"ఈవిడ విన్నది. నాకు వినపడదండీ. రెండేళ్ళయింది."

పెద్దాయన కళ్ళజోడు కిందికి దించుకుని మా ఆయన్ని చూశాడు. ఆవరణలో బళ్ళ మీద సరుకు ఎక్కిస్తున్న మనిషి కూడా ఆగి చూశాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

"మరి రెండేళ్ళుగా నువ్వు బాగుచేసిన బళ్ళ సంగతేంటి?"

"చేత్తో పట్టి చూశాను. పళ్ళతో విన్నాను. ఒకటి తప్పిపోయింది. అది ఇదే."

పాత ముక్క వేయమన్నది నేనని అప్పుడు చెప్పాను. అదీ చెప్పకపోతే అన్నం సయించదు. పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. సీలు తెగింది, ఖర్చు దాటింది, మాటంటే మాట, ఆర్డరు వేరేవాళ్ళకిస్తాను అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి. నమస్కారం పెట్టి బయలుదేరాం. గేటు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచాడు. ఈయన ఆగలేదు, నేనే చేయి పట్టి ఆపాను.

"రెండు బళ్ళున్నాయి. మూడు షెడ్లు తిరిగాయి, రోగం ఎవరికీ దొరకలేదు" అన్నాడు, ఈసారి నాతో. "పంపుతాను. నువ్వు వినమ్మా. ఆ తర్వాత చూద్దాం."

పాత బండిని కడిగి, మరకలు తుడిచి, శనివారం తెచ్చి అప్పగించమన్నాడు.

మార్చి 24

షెడ్డు ముందు సగం కుట్టుమిషన్లు రిపేరు చేసేవాళ్ళకిచ్చేశాం. వెనక సగంలో ఇరుక్కున్నాం. ఓనరు ప్రస్తుతానికి శాంతించాడు.

వదినకు చెప్పాం. "అందుకా ఫోన్ ఎత్తంది, నేను వాణ్ణి నానా మాటలూ అనుకున్నాను" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ వీధికి చెప్పలేదు. మేమే చెప్పాం, తలుపు దగ్గరికొచ్చిన ప్రతివాడికీ. ఇద్దరు వెనక్కి పోయారు. ఒకడు బండి వదిలి వెళ్ళాడు.

మార్చి 26, శనివారం

బండి అప్పగించే రోజు. ఆఖరి ప్రయాణం. షెడ్డు ముందు హెల్మెట్లు పెట్టుకోబోతూ అడిగాను, ఇన్ని రోజులూ వెనక కూర్చుని నేను మాట్లాడిందంతా గాలికే పోయిందా అని.

"కొన్ని వినపడ్డాయి" అన్నాడు.

ఎలా అని అడిగాను.

"నీ హెల్మెట్ నా హెల్మెట్‌కి ఆనినప్పుడు. పిడి పళ్ళతో పట్టినట్టే, ఎముకలోంచి వస్తుంది. అదొక్కటే వినపడేది." హెల్మెట్ పట్టీ సర్దుకుంటూ, "నువ్వు కోపమొస్తేనే అంత ముందుకు వంగుతావు" అన్నాడు.

బస్తాతో కాపురం చేయమన్నది వినపడింది. లారీ దగ్గర అన్నది, నేను రాయనన్నది, అదీ వినపడింది. సముద్రం పక్కన, వెనక్కి వాలి అన్నది వినపడలేదు. నెమ్మదిగా, ఏ కోపమూ లేకుండా అన్న మాట ఏదీ ఆయన దాకా చేరలేదు. ఆయన స్టార్టు చేసి, ఎక్కమన్నట్టు సీటు మీద తట్టాడు.

వీధి చివర మలుపు తిరిగాక ముందుకు వంగి హెల్మెట్ ఆనించాను. ఆయన భుజాలు బిగుసుకున్నాయి. ఏదో తిట్టు పడబోతోందని అలవాటు.

"మీతో కాబట్టే అంత దూరం వచ్చాను" అన్నాను.

బండి వేగం తగ్గింది. రోడ్డు పక్కకు తీసి ఆపాడు. తల వెనక్కి తిప్పకుండానే, "మళ్ళీ చెప్పు" అన్నాడు.

"వినపడలేదా?"

"వినపడింది."